వదిన పేరు మీద నా రక్తం

ఫిబ్రవరి 3

ఈ ఇంట నివసించు సమస్త ప్రాణికోటికి, అనగా మా అన్నయ్యకు, మా వదినకు, గోడ మీది బల్లికి తెలియజేయడమేమనగా: టూత్‌పేస్టును అడుగు నుంచి గాక నడుము దగ్గర నొక్కువారు నేటి నుండి ద్రోహులుగా పరిగణింపబడుదురు. సబ్బును నీళ్లలో నానబెట్టువారికి ఆ సబ్బే మధ్యాహ్న భోజనముగా వడ్డింపబడును. ఇందుపై అప్పీలు లేదు. ఇట్లు, ఈ ఇంటి ఆడపడుచు, ఎనిమిదో తరగతి, ఫెయిలు.

దీన్ని అట్టముక్క మీద రాసి బాత్రూం తలుపుకి అంటించాను. అన్నయ్య చదివి, "పేస్టుకి నడుము ఎక్కడుంటుందే?" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ప్రతిదానికీ ఏ భాగం ఎక్కడుందో చెప్పాలి.

వదిన అసలు చూడనేలేదు. డ్యూటీ నుంచి వచ్చి, ఆ తలుపే తోసుకుని లోపలికెళ్లి, కుళాయి విప్పి, నీళ్లు అలా పడుతుండగానే బయటికొచ్చి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. నాలుగోసారికి నేను పొయ్యి ముందు నిలబడి సెల్యూట్ కొట్టి, "ముద్దాయి ఎక్కడికీ పారిపోలేదు మేడం, ఇక్కడే ఉన్నాడు" అన్నాను.

నవ్వలేదు. ఇదివరకైతే చెంబు పుచ్చుకుని వెంటపడేది.

మందుల కంపెనీ ఆయన ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ మూల ఒక కిడ్నీ బొమ్మ. కిడ్నీ సాక్షిగా రాస్తున్నాను, మా వదిన నవ్వి మూడు నెలలైంది.

ఫిబ్రవరి 5

ఎందుకు నవ్వట్లేదో నాకు తెలుసు. పదమూడో మంచం.

ఐ.సి.యు.లో ఒక పెద్దాయనకి గంటకి ఐదు చొప్పున ఎక్కాల్సిన మందు యాభై చొప్పున ఎక్కింది. మిషన్ మీద ఆ అంకె నొక్కింది వదినే. నాలుగు నిమిషాల్లో తనే చూసుకుంది, తనే ఆపింది, తనే వెళ్లి డాక్టరుకి చెప్పుకుంది. పెద్దాయన వారానికి తన కాళ్ల మీద తను నడిచి ఇంటికి పోయాడు. వదిన మాత్రం ఇంకా ఆ మంచం దగ్గరే నిలబడి ఉంది.

ఆ రోజు ఆమెకి వరసగా రెండో డ్యూటీ. ముగ్గురు సిస్టర్లు ఉండాల్సిన చోట ఒక్కతే. ఈ ముక్క వాళ్ల రిపోర్టులో ఎవరూ రాయలేదు గనక ఇక్కడ నేను రాస్తున్నాను.

అప్పట్నుంచి తిండి నిలబడే. నాలుగు బిస్కట్లు, లేకపోతే క్యాంటీన్లో నూనె ఓడే వేపుడేదో కాగితంలో చుట్టుకుని నడుస్తూ తినడం. నిద్ర కోడికునుకు. ఆ కునుకులోనూ అంకెలు చదువుతుంది. "ఐదు, ఐదు, ఐదు" అంటుంది. అన్నయ్య పక్కమీద లేచి కూర్చుని ఏం చెయ్యాలో తెలీక దుప్పటి సర్దుతాడట.

వాళ్లకి పిల్లల్లేరు. నేనే పెద్ద పిల్లని. నా మొగుడు గడియారం బాగుచేయించుకొస్తానని వెళ్లి పదకొండేళ్లు. ఆ గడియారంలో ఏదో పెద్ద లోపమే ఉండి ఉంటుంది. ఆ రోజు నుంచి వదిన నన్ను ఒక్కమాట అనలేదు. ఆసుపత్రి ల్యాబులో ఈ పని ఇప్పించింది కూడా ఆమే. రక్తం తీసేముందు చేతికి రబ్బరు పట్టీ కట్టడం, గొట్టాలకి పేర్ల చీటీలు అంటించడం, వరసలో పెట్టడం, అద్దాలాయనకి అందించడం. అద్దాలాయన అంటే మా ల్యాబు టెక్నీషియన్. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని వాటికోసం రోజంతా వెతుకుతుంటాడు. సగం సార్లు దాచేది నేనే.

ఫిబ్రవరి 9

పిల్లల వార్డు సిస్టరు ఒకామె మందుల బండి తోసుకుంటూ వరండాలో పడిపోయింది. నలభై రెండేళ్లు. బతికింది. రక్తం తీసి చూస్తే అంతా కొవ్వేనట.

దాంతో పైవాళ్లకి మెలకువ వచ్చింది. సిస్టర్లందరికీ రక్తపరీక్ష. రక్తంతో పాటు ఒక కాగితం కూడా ఇస్తారట, ఇరవై ఒక్క ప్రశ్నలు. గుండె దడదడలాడుతుందా, చేతులు వణుకుతాయా, ఏదో ఘోరం జరగబోతోందని అనిపిస్తుందా. దీనికోసమే ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. ల్యాబులో కూర్చుని మాకు చెప్పింది:

"ఆందోళన ఎక్కువున్నవాళ్లలో కొలెస్ట్రాల్ కూడా ఎక్కువుంటోందేమో చూద్దామనండి. ఒకటి రెండోదాన్ని పెంచుతోందా, లేక రెండిటినీ ఈ డ్యూటీలే పెంచుతున్నాయా, తేలాలి కదా."

"అది తేల్చడానికి రక్తమెందుకమ్మా, డ్యూటీల చార్టు చూస్తే సరిపోదూ?" అన్నాను.

అద్దాలాయన దగ్గాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, నా మాట పుస్తకంలో రాసుకుంది. మంచి పిల్ల.

రెండూ ఎక్కువున్నవాళ్లని ఐ.సి.యు. నుంచి తప్పించి బట్టల గదికి మారుస్తారట. దుప్పట్లు, దిండు గలీబులు మడతపెట్టి లెక్క చూసుకునే పని. జీతం అదే. ఇంట్లో చెప్తే అన్నయ్య, "అంటే ఇరవై ఆరేళ్ల సర్వీసు తర్వాత దిండ్లకి కాపలానా?" అన్నాడు. వదిన ప్లేటు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది.

ఫిబ్రవరి 12

ఈరోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపు మర్చిపోయినా, ఎవరైనా అడిగినా పనికొస్తుంది.

పొద్దున ఏడింటికి సిస్టర్లు ఖాళీ కడుపుతో వచ్చారు. ల్యాబు పక్కన చేతులు కడుక్కునే చోట వదిన నా మణికట్టు పట్టుకుంది. "నన్ను బట్టల గదికి పంపిస్తే బతకలేనే. నా రిపోర్టు బాగా రాదు. నాకు తెలుసు. ఏదో ఒకటి చెయ్యవే. నీ రక్తం పెట్టు" అంది. కళ్లలో నీళ్లు. ఆమె అలా అడిగాక నేనేం చెయ్యను?

ముందురోజే రక్తం మిషన్ రిపేరు చేశారు. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి అద్దాలాయన ఎప్పుడూ నా రక్తమే తీస్తాడు, చేతికందేదాన్ని నేనే గనక. అలా నా గొట్టం, వదిన గొట్టం పక్కపక్కనే ఉన్నాయి. చీటీలు నా చేతిలో ఉన్నాయి. అంతే. ఈగ వాలి లేచినంతసేపు.

వదిన పేరు మీద నా రక్తం: కొలెస్ట్రాల్ 172. పేరులేని గొట్టం: 318.

అద్దాలాయన రెండో అంకె చూసి కళ్లద్దాలు కిందికి దించాడు. "ఏమ్మా, నీకిదేంటి? రోజంతా ఇకిలిస్తూ తిరుగుతావు, ఒంట్లో ఇంతుందా? వెంటనే డాక్టరుకి చూపించుకో."

"లోపలంతా వెన్నపూస సార్, అందుకే మాటలు అలా జారతాయి" అన్నాను.

మిషన్ ఇచ్చిన ఆ 318 చీటీ ఈ పేజీలోనే పెట్టాను.

ఫిబ్రవరి 13

రిపోర్టు చూసి వదిన ఏడ్చింది. సంతోషంతో. డాక్టరమ్మ ఆమె భుజం తట్టి, "కాగితంలో ఆందోళన చాలా ఎక్కువ వచ్చింది సిస్టర్, రక్తం మాత్రం బంగారంలా ఉంది. మీరు ఐ.సి.యు.లోనే ఉండొచ్చు" అంది. కంప్యూటర్లోకి ఎక్కించేసింది కూడా.

ఇరవై ఒక్క ప్రశ్నలకీ వదిన ఉన్నదున్నట్టు రాసిందట. రక్తం మార్చమని అడిగిన మనిషి కాగితం మీద అబద్ధం ఎందుకు రాయలేదో. సరేలే. నర్సు బుద్ధి.

ఫిబ్రవరి 14

318 మాటేమిటి? ఆ మనిషికి చెప్పాలి కదా. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 15

రేపు.

ఫిబ్రవరి 19

నాకో ఉపాయం తట్టింది. ఎనిమిదో తరగతి బుర్ర అయితేనేం.

ఆ 318 చీటీ పట్టుకుని ఓ.పి.లో కూర్చున్నాను. డాక్టరు నన్ను మందలించి, రోజుకో మాత్ర రాశాడు. దాన్ని పొడిచేసి వదిన టీలో కలుపుతాను. ఆమెకి తెలీకుండానే ఆమె రక్తం దారిలోకి వస్తుంది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే నిజంగానే 172. అప్పుడు చెప్తే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకుంటాం. నా జన్మలో ఇంతకన్నా గొప్ప తుంటరిపని చెయ్యబోను.

ఫిబ్రవరి 20

దొరికిపోయాను. మాత్ర చెంచా కింద పెట్టి నలుపుతుంటే వదిన వెనక నిలబడి ఉంది. మాత్రల పట్టీ తిప్పి చూసింది. చీటీ అడిగింది. ఓ.పి.లో రాయించిన నా పేరు, నా అంకె.

ఇదీ సమయం. నోరు తెరిచాను కూడా.

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావే?" అంది. "నలిపెందుకు మింగుతున్నావు? గొంతులో పట్టేస్తోందా? నాకు చెప్పాలని తోచలేదా నీకు? రేపు నీకేదైనా అయితే మీ అన్నయ్యకి ఏం చెప్పను?"

"నాకేం కాదు వదినా, నేను పాపిష్టిదాన్ని, చాలాకాలం ఉంటాను" అన్నాను.

"నోర్ముయ్. నీళ్లు పట్టుకురా."

నా ముందు నిలబడి మింగించింది. నోరు తెరిపించి నాలుక ఎత్తించి మరీ చూసింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఆ కళ్లని ఎవరు మోసం చెయ్యగలరు?

ఆమె మాత్ర నా కడుపులోకి పోయింది.

ఫిబ్రవరి 27

వారం నుంచి ఈ ఇల్లు నా ఆసుపత్రి. రోజూ సాయంత్రం ఏడింటికి మాత్ర, ఎదురుగా వదిన. పొద్దున నడక. తను డ్యూటీ నుంచి కాళ్లీడ్చుకుంటూ వస్తుంది, నన్ను లేపి పార్కుకి తోలుతుంది, గ్యాసుతో పాటు ఇప్పుడు నన్ను కూడా తనిఖీ చేస్తుంది. రోజుకి మూడుసార్లు నాడి పట్టుకుని వాచీ చూస్తుంది.

ఉడికించిన గుడ్డు పెడితే పచ్చసొన తీసేసి తెల్లది నాకిస్తుంది. తీసినవి పారెయ్యడం ఇష్టం లేక తనే తింటుంది. వెన్న కూడా. నా వాటా వేపుడు కూడా. "నాకేమే, నా రక్తం బంగారం అన్నారుగా" అంటుంది.

ఈరోజు రెండు సొనలు. ఆమె నోట్లో పెట్టుకుంటుంటే గబుక్కున లాక్కున్నాను. అన్నయ్య విరగబడి నవ్వాడు. "చూడు దీని తిండిపోతుతనం! మాత్రలు మింగుతూ సొనల కోసం కొట్లాట!" వదిన నా చేతిలోంచి మళ్లీ తీసుకుంది, చిన్నపిల్ల దగ్గర పిన్నీసు తీసుకున్నట్టు.

ఫిబ్రవరి 28

మూడు సొనలు.

మార్చి 6

ఎప్పుడైతే నా చీటీ చూసిందో అప్పట్నుంచి వదినకి ఆ కోడికునుకు కూడా సగమైంది. అన్నయ్య చెప్పాడు. నిద్రలో "ఐదు" అనడం మానేసి నా పేరు అంటోందట. పక్కగదిలోకి వచ్చి నా ముక్కు కింద వేలు పెట్టి చూసి వెళ్తుందట. నాకు తెలీదు. నేను హాయిగా నిద్రపోతున్నాను. నా రక్తం బాగుంది మరి.

మార్చి 11

వదినకి రొమ్ములో మంటలాగా, ఎడమ భుజం లాగుతున్నట్టు ఉందట. మెట్లెక్కితే ఎక్కువవుతోంది. నేనే బలవంతంగా డాక్టరు దగ్గరికి పంపించాను. ఈ మాట గుర్తుంచుకోవాలి. నేనే పంపించాను.

డాక్టరు ఈ.సి.జి. తీశాడు, అందులో ఏమీ తేలలేదు. కంప్యూటర్లో చూశాడు. నెల కిందటి రక్తం 172. పక్కనే ఇరవై ఒక్క ప్రశ్నల మార్కులు. "సిస్టర్, మీకిది మనసులో దిగులు. గుండెకేం ఢోకా లేదు" అన్నాడట. నిద్రకో మాత్ర, కడుపులో మంటకో మాత్ర.

ఆమె లోపల ఉండగా నేను ఆ తలుపు బయట నిలబడి ఉన్నాను. హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. ఇత్తడిది, చల్లగా ఉంది. లోపలికెళ్లి ఏమనాలి? "సార్, అది నా రక్తం" అనాలి. నాలుగే నాలుగు మాటలు. నా పని పోతుంది, పోనీ. అద్దాలాయన పని కూడా పోతుంది, పాపం ఆయనేం చేశాడు. వదిన మీద కేసు పెడతారు. అడిగింది ఆమే కదా. ఆమె కోసమే నోరు మూసుకున్నాను. ఆమె పరువు కోసమే.

అయినా అంత చదువుకున్న డాక్టరుకి తెలీదా? అంకె చూసి చెప్తాడా, మనిషిని చూసి చెప్తాడా?

వదిన బయటికొచ్చి, "ఏం లేదటే, దిగులేనట" అంది. ఆమె మొహంలో దిగులు లేదు. సిగ్గుపడ్డట్టుంది. ఊరికే డాక్టరు టైము వృథా చేశానని.

మార్చి 12

రేపు ఖచ్చితంగా.

మార్చి 18

పొద్దున పదకొండున్నరకి వదిన మందుల గదిలో కూర్చుండిపోయిందట. చేతిలో సిరంజి అలాగే ఉందట. పడెయ్యలేదు.

మార్చి 19

తన ఐ.సి.యు.లోనే వేశారు. ఎనిమిదో మంచం. తను నేర్పిన పిల్లలే ఆమె చుట్టూ తిరుగుతున్నారు, ఏడుపు ఆపుకుంటూ. ఒకమ్మాయి మిషన్ మీద అంకె నొక్కుతుంటే వదిన కళ్లు తెరిచి ఆ వేలినే చూసింది. సరిగ్గానే నొక్కిందని తెలిశాక మూసుకుంది.

చిన్న డాక్టరమ్మ పరిగెత్తుకుని వచ్చింది. కొత్తగా తీసిన రక్తం కాగితం పట్టుకుని నన్ను అడిగింది. "నెల రోజుల్లో ఇంత తేడా రాదే? ఇంట్లో ఏం పెడుతున్నారండీ ఈవిడకి?" ఆమె అడిగింది నన్నే.

లోపలికి పంపించారు. ఐదు నిమిషాలు. వదిన మూతి మీద మాస్కు. నా చెయ్యి వెతుక్కుంది. వేళ్లు నా మణికట్టు మీద పెట్టింది, నాడి చూడ్డానికి. వాచీ లేదు కాబట్టి పెదాలతో లెక్కపెట్టింది.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను వదినా."

"నోరు చూపించు."

చూపించాను. నాలుక ఎత్తి మరీ చూపించాను.

మార్చి 21

పొద్దున తొమ్మిదీ పదికి.

మార్చి 22

మార్చి 23

మార్చి 29

అన్నయ్య లిఫ్టుల పనికి వెళ్లడం లేదు. పొయ్యి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. మధ్యమధ్యలో లేచి గ్యాసు నాబ్ తిప్పి చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు.

"బంగారంలాంటి రక్తమన్నారు. మరి ఎలా పోయిందే?" రోజుకి పదిసార్లు అడుగుతున్నాడు. నన్ను కాదు, గోడని. ఈరోజు గోడకి బదులు నేను చెప్పాను. ఫిబ్రవరి 12 పేజీ విప్పి అతని ముందు పెట్టాను. ఆ చీటీ కూడా. అన్నయ్య వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

"తనే అడిగిందా?"

"ఊఁ."

"తనే?"

"ఊఁ అన్నయ్యా."

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. లేచి వెళ్లి, గోడ మీద ఉన్న వదిన ఫోటో తీసి అల్మారాలో బోర్లా పెట్టాడు. "తన ప్రాణం తనే తీసుకుంది. నా సంగతి ఒక్క క్షణం ఆలోచించలేదు. ఉద్యోగం, ఉద్యోగం" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. "నిన్ను కూడా ఇరికించింది పిచ్చిది. నువ్వేం చేస్తావు, కాదనలేకపోయావు."

ఆ చెయ్యి తియ్యమని అనలేదు నేను.

ఏప్రిల్ 4

ఫోటో ఇంకా అల్మారాలోనే ఉంది. అన్నయ్య నాకు టీ పెట్టిచ్చాడు. "నువ్వైనా జాగ్రత్తగా ఉండవే, మాత్రలు మానకు" అన్నాడు. చీటీ చూశాడు, కథ చదివాడు, అయినా అలవాటు కొద్దీ నోటికొచ్చింది. తర్వాత గుర్తొచ్చి తలదించుకున్నాడు.

ఏప్రిల్ 9

నాకోసం రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాసిందాన్ని నేను.

వదిన అడగలేదు.

ఫిబ్రవరి 12 పేజీలో కుళాయి దగ్గర మాటలన్నీ నేను అల్లినవి. మణికట్టు పట్టుకోలేదు. కళ్లలో నీళ్లు లేవు. "నీ రక్తం పెట్టు" అనే మాట ఆమె నోట రాలేదు. ఆ రాత ఆ రోజుది కూడా కాదు. రిపోర్టు కంప్యూటర్లోకి ఎక్కాక, భయమేసి, వెనక్కి వచ్చి రాశాను.

నేను మార్చింది నవ్వించాలని. మంచి అంకె చూసి మొహం వేలాడేస్తుంది కదా, అప్పుడు జేబులోంచి అసలు చీటీ తీసి ముక్కు ముందు ఆడించాలని. మూడు నెలలుగా నవ్వలేదు కదా, దీనికైనా నవ్వుతుందని. చీటీ జేబులో చేతికి తగులుతూనే ఉంది. ఈలోగా డాక్టరమ్మ వచ్చింది, భుజం తట్టింది, కంప్యూటర్లో నొక్కేసింది. అద్దాలాయన నా వెనకే ఉన్నాడు. చెయ్యి జేబులోనే ఉండిపోయింది. వదిన ఏడుస్తోంది. అది ఏ ఏడుపో నాకు తెలుసు. తెలిసే సంతోషమని రాశాను.

ఆ పొద్దున కుళాయి దగ్గర ఆమె నిజంగా అన్నది ఇది. చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అంది.

"రిపోర్టు బాగోలేదని రావాలని ఉందే నాకు. పాపమంటావా? ఆ బట్టల గదికి పెద్ద కిటికీ ఉంది. కూర్చుని దుప్పట్లు మడుచుకుంటాను. దుప్పటి తప్పు మడిస్తే ఎవరూ చచ్చిపోరు కదా."

అని, చేతులు తుడుచుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని నా ముందుకి చాపింది.